చంపకుండా పేరు పెట్టిన పిట్ట

నెత్తిన నల్లటి టోపీ. కంటి ముందు నారింజ కలిసిన పసుపు బొట్టు. రెక్కల మీద పసుపు, ఎరుపు, తెలుపు మచ్చలు. తోక కింద కుంకుమ ఎరుపు, తోక కొసన నిప్పు రవ్వలు. ఒంటి రంగు మాత్రం ఆకుపచ్చ కలిసిన బూడిద. బొమ్మల పుస్తకంలో పసివాడు ఉన్న రంగులన్నీ అయిపోయేదాకా పులిమినట్టు ఉంటుంది. పొడవు 22 సెంటీమీటర్లు, అంటే మన బుల్‌బుల్ పిట్ట కంటే కాస్త పెద్దది. ఇంత రంగుల పిట్ట మన దేశంలోనే ఉండి కూడా 1995 దాకా ఏ పక్షి శాస్త్రవేత్త కంటా పడలేదు. 2006 దాకా దానికి శాస్త్రంలో పేరే లేదు. పేరు పెట్టే రోజు వచ్చాక ఓ చిక్కు ప్రశ్న ఎదురైంది... పేరు కోసం దాన్ని చంపాలా, వద్దా?

ఆ పిట్టే బుగున్ లియోసిక్లా. ఉండేది అరుణాచల్ ప్రదేశ్‌లో, పశ్చిమ కామెంగ్ జిల్లాలోని ఈగల్‌నెస్ట్ అభయారణ్యం, దాన్ని ఆనుకుని ఉన్న కొండవాలుల్లో. ప్రపంచంలో మరెక్కడా ఇది ఉన్నట్టు ఇప్పటిదాకా ఆధారం దొరకలేదు.

మబ్బులే వాన... మబ్బులే గొడుగు

బంగాళాఖాతం నుంచి నీటిని మోసుకొచ్చే రుతుపవనాలు అస్సాం మైదానం మీదుగా వెళ్లి మొదట ఢీకొనేది ఈ కొండల్నే. బ్రహ్మపుత్ర మైదానం సముద్రమట్టానికి వందమీటర్ల అటూ ఇటూ ఉంటే ఈగల్‌నెస్ట్ కొండలు 3,250 మీటర్ల దాకా లేస్తాయి. జీపులో ఒక్క రోజు ప్రయాణంలో అరటి, వెదురు పెరిగే ఉక్కపోత అడవి నుంచి రోడోడెండ్రాన్ పూలు పూసే చలి అడవిలోకి వెళ్లిపోవచ్చు.

ఈ రెంటికీ మధ్యలో, రెండువేల మీటర్ల చుట్టుపక్కల ఉండేదే మబ్బుల అడవి. ఇక్కడ వాన ఆకాశం నుంచి పడటమే కాదు, పక్కనుంచి కూడా నడిచొస్తుంది. పొద్దున్నే లోయలోంచి తెల్లటి పొగమంచు పైకి పాకుతూ వచ్చి చెట్లను మింగేస్తుంది. పది గజాల దూరంలోని కొమ్మ కనిపించదు. ఆ తేమకు చెట్ల మాన్లన్నీ నాచు తొడుక్కుంటాయి. నాచులో ఫెర్న్‌లు, ఫెర్న్‌ల పక్కన ఆర్కిడ్‌లు... ఒక్కో ఓక్ చెట్టు మీద చిన్న తోట పెరుగుతుంది. ఆ నాచే స్పాంజిలా నీటిని పీల్చుకుని, ఎండ కాసినప్పుడు బొట్లు బొట్లుగా వదులుతుంది. కింద ఊళ్లలోని వాగులు ఎండాకాలంలోనూ పారుతుంటే దాని వెనక ఈ అడవి కూడా ఉంటుంది.

అభయారణ్యం విస్తీర్ణం 218 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న చోట 450కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. బ్లైత్స్ ట్రాగోపాన్ అనే ఎర్ర మెడ అడవికోడి, వార్డ్స్ ట్రోగన్, బ్యూటిఫుల్ నట్‌హాచ్... పక్షి ప్రియులు జన్మకోసారైనా చూడాలనుకునే పేర్లన్నీ ఈ ఒక్క కొండదారి పొడుగునా దొరుకుతాయి. ఏనుగులు సైతం ఈ కొండలెక్కుతాయి. వెదురు కోసం అవి రెండున్నర వేల మీటర్ల పైకి వెళ్లిన జాడలున్నాయంటే మైదానంలో ఏనుగును చూసినవాళ్లు ఓ పట్టాన నమ్మరు.

పేరు చూస్తే గద్దల గూడు. కానీ గద్దలకూ ఈ పేరుకూ సంబంధం లేదు. 1950ల్లో ఈ ప్రాంతంలో ఉన్న సైనిక దళానికి ఎర్ర గద్ద గుర్తు ఉండేది. రెడ్ ఈగల్ డివిజన్ అనేవారు. దాన్నుంచి వచ్చిన పేరది. కొండల గుండా వెళ్లే మట్టిదారి కూడా సైన్యం అవసరాల కోసం వేసిందే. 1962 చైనా యుద్ధం తర్వాత ఈ సరిహద్దు జిల్లాలోకి బయటివాళ్లు అడుగు పెట్టడం కష్టమైంది. ఇప్పటికీ అరుణాచల్‌లోకి వెళ్లాలంటే మిగతా రాష్ట్రాలవాళ్లు ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాల్సిందే. పక్షుల పుస్తకాలు రాసినవాళ్ల చూపు పడకపోవడానికి అదీ ఓ కారణం.

చుక్కలు చూసే మనిషికి చిక్కింది

ఆత్రేయ అనగానే తెలుగువాళ్లకు మనసు పాటలు గుర్తొస్తాయి. ఈ ఆత్రేయది నక్షత్రాల పని. రమణ ఆత్రేయ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే రేడియో తరంగాల మీద పరిశోధన. ప్రవృత్తి పక్షులు. 1995 జనవరిలో ఆయన ఈగల్‌నెస్ట్ కొండల్లో తిరుగుతుండగా పొదల్లో రెండు పిట్టలు కనిపించాయి. ఎక్కువసేపు నిలవలేదు. కానీ ఆ నల్ల టోపీ, ఆ పసుపు, ఆ ఎరుపు... భారతదేశపు పక్షుల పుస్తకం ఏది తిరగేసినా అలాంటిది లేదు.

కొత్త జాతి అని అరిచేయడానికి అది చాలదు. మబ్బులో క్షణకాలం చూసిన పిట్ట గురించి రాస్తే శాస్త్రలోకం నవ్వి ఊరుకుంటుంది. మళ్లీ కనిపించాలి. ఆ 'మళ్లీ'కి పదేళ్లు పట్టింది. 2005 జనవరిలో ఆ కొండల్లోనే పిట్ట తిరిగి దర్శనమిచ్చింది. ఈసారి ఆత్రేయ వదల్లేదు. 2006 మేలో సన్నటి నైలాన్ వలలు కట్టారు. మిస్ట్ నెట్ అంటారు వాటిని. ఎగిరే పక్షికి కనిపించనంత సన్నగా, ఒంటికి దెబ్బ తగలనంత మెత్తగా ఉంటాయి. రెండు పిట్టలు పడ్డాయి. కొలతలు తీశారు. ఫొటోలు తీశారు. వలలో ఊడిన కొన్ని ఈకలు భద్రపరిచారు. ఆ తర్వాత...

ఆ తర్వాత పిట్టల్ని గాల్లోకి వదిలేశారు. పక్షి శాస్త్రం ఈ పిట్టను గుర్తుపెట్టుకోవడానికి దాని రంగులెంత కారణమో ఈ వదిలేయడం కూడా అంతే కారణం.

దూది కూరిన సాక్ష్యం

కొత్త జంతువుకు పేరు పెట్టాలంటే 'ఇదిగో, నేను చెప్పింది దీని గురించే' అని చూపించే ఒక నమూనా ఉండాలి. రెండు శతాబ్దాలుగా ఆచారం ఏమిటంటే పక్షిని పట్టడం లేదా కాల్చడం, చర్మం ఒలిచి దూది కూరడం, కాలికి చీటీ కట్టి మ్యూజియం సొరుగులో పడుకోబెట్టడం. లండన్ దగ్గర్లోని ట్రింగ్‌లో, ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో అలా వేల పక్షులు వరసగా పడుకుని ఉన్నాయి. చూడ్డానికి బాధగా ఉన్నా మనకు తెలిసిన పక్షి శాస్త్రంలో చాలా భాగం ఆ సొరుగుల్లోంచి వచ్చిందే. ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే ఆత్రేయ లెక్కకు వచ్చిన పిట్టలు అప్పటికి మొత్తం పద్నాలుగు. అందులో గుడ్లు పెట్టే జంటలు మూడే. పద్నాలుగింట్లో ఒకదాన్ని చంపడమంటే ఊళ్లో నూటికి ఏడుగురిని తీసేయడం లాంటిది. అది ఆడదైతే మూడు జంటల్లో ఒకటి పోయినట్టే. ఉందని లోకానికి చెప్పడం కోసం ఉన్నదాన్ని తగ్గించడం ఏం న్యాయం? అందుకని ఈకలు, ఫొటోలు, కొలతలు, కూత వివరాల ఆధారంగానే కొత్త జాతిని ప్రకటించారు. జంతువుల నామకరణ నియమాలు అందుకు అడ్డు చెప్పవు. ఆచారమే అడ్డం.

అభ్యంతరాలు ఊరికే పుట్టలేదు. సోమాలియాలో బులో బుర్తి అనే ఊరి ఆస్పత్రి ఆవరణలో 1988లో ఓ వింత పక్షి కనిపించింది. దాన్ని పట్టుకుని, రక్తం, ఈకలు తీసుకుని, చంపడం ఇష్టంలేక 1990లో వదిలేశారు. 1991లో కొత్త జాతిగా పేరు పెట్టారు. 'విముక్తి పొందినది' అని అర్థం వచ్చే పేరు కూడా. ఎంతోమంది మెచ్చుకున్నారు. 2008లో డీఎన్ఏను మరోసారి పరిశీలిస్తే అది కొత్త జాతి కాదనీ, అప్పటికే తెలిసిన ఓ పక్షికి అరుదైన రంగు వచ్చిందనీ తేలింది! శాస్త్రవేత్తలు సొరుగుల్లో ఒళ్లు ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

బుగున్ పిట్ట విషయంలో ఆ భయం నిలవలేదు. సోమాలియాలో చూసింది ఒక్కటంటే ఒక్క పక్షి. ఇక్కడ మగవీ ఆడవీ, జంటలుగా గుంపులుగా ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉన్నాయి. ఆడ పిట్ట రంగులు మగదానికంటే కాస్త వెలిసినట్టుంటాయి. కూత దానికే ప్రత్యేకం. వేణువు మీద వేలు జార్చినట్టు పైస్థాయిలో మొదలై కిందికి దిగే నాలుగైదు స్వరాలు, మధ్యలో చిన్న విరుపు. పేరు పెట్టిన తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు దాన్ని ఫొటో తీశారు, కూత రికార్డు చేశారు. ప్రధాన పక్షి జాబితాలన్నీ దాన్ని విడి జాతిగానే ఒప్పుకున్నాయి.

మన కడప కథ వేరే

ఇక్కడ ఒక పోలిక గుర్తురాక మానదు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగి అడిగితే, స్థానికుడైన ఓ వేటగాడు రాత్రి పూట దీపం వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టుకొచ్చాడు. ఎనభై ఏళ్లకు పైగా పోయిందనుకున్న పక్షి చేతికొచ్చింది. బందీగా కొద్ది రోజులకే చనిపోయింది. ఎవరూ చంపాలనుకోలేదు. పెంచడం ఎలాగో ఎవరికీ తెలియదంతే. ఆ పక్షి కోసమే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అయినా దొరికిన మొదటి కలివికోడి మ్యూజియానికి చేరిందన్న సంగతి పక్షి ప్రియుల మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఈగల్‌నెస్ట్‌లో వల విప్పి వదిలేసిన చేతుల్ని చూసి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

కబురు బయల్దేరింది హైదరాబాద్ నుంచి

బుగున్ లియోసిక్లా అనే జాతి ఉందని లోకానికి మొట్టమొదట చెప్పింది లండన్ పత్రికో, అమెరికా పత్రికో కాదు. హైదరాబాద్ నుంచి వచ్చే 'ఇండియన్ బర్డ్స్' అనే చిన్న పత్రిక. సంపాదకుడు ఆశీష్ పిట్టీ. తెలుగు చెవికి ఆయన ఇంటిపేరులోనే పిట్ట వినిపిస్తుంది! పుస్తకాల షాపులో కనిపించే పత్రిక కాదది. పక్షుల మీద మోజున్న కొద్దిమంది చందాదారుల కోసం రెండు నెలలకోసారి అచ్చయ్యేది. 2006లో వచ్చిన సంచికలో ఆత్రేయ వ్యాసం, పిట్ట రంగు ఫొటోలు పడ్డాయి. ఆ సెప్టెంబరులో ప్రపంచంలోని పెద్ద పెద్ద పత్రికలు, టీవీలు ఆ వార్తను అందుకున్నాయి.

అంత సంబరం ఎందుకంటే... మిష్మీ కొండల్లో సలీం అలీ, రిప్లే సేకరించిన చిన్న పిట్టకు 1948లో పేరు పెట్టాక, భారత ప్రధాన భూభాగంలో అంతటి కొత్త పక్షి దొరకడం ఇదే. నికోబార్ దీవుల్లోని ఓ చిన్న గుడ్లగూబకు 1998లో పేరు పెట్టారు గానీ దాని నమూనాలు దశాబ్దాల ముందే మ్యూజియానికి చేరాయి. కళ్లముందు ఎగిరే పిట్టను చూసి 'ఇది కొత్తది' అని గుర్తించడం వేరు. ఈగల్‌నెస్ట్ ఉన్న ఆ మూల అరుణాచల్ మళ్లీ 2016లో వార్తల్లోకెక్కింది. అక్కడి కొండల్లో కూతను బట్టి వేరుగా గుర్తించిన హిమాలయన్ ఫారెస్ట్ థ్రష్‌కు సలీం అలీ పేరు పెట్టారు.

దూరపు చుట్టాలు

లియోసిక్లాలది పెద్ద కుటుంబం. మన పెరళ్లలో ఆరేడు కలిసి తిరుగుతూ, ఎండుటాకుల్ని చిందరవందర చేస్తూ, పొద్దంతా కీచులాడుకునే మట్టిరంగు పిట్టలుంటాయే... 'సెవెన్ సిస్టర్స్' అని పిలిచేవి. ఆ కుటుంబమే. వాటిలో ఒక శాఖ తూర్పు కొండలకు చేరి రంగులు తొడుక్కుంది.

బుగున్ పిట్టకు అతి దగ్గరి పోలిక ఉన్నది చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో, బౌద్ధ ఆలయాలకు పేరుపడ్డ ఎమెయ్ పర్వతం ప్రాంతంలో ఉంటుంది. మధ్యలో వెయ్యి కిలోమీటర్లకు పైగా కొండలు, లోయలు, మహానదులు. తైవాన్‌లో ఉండే మరో చుట్టం సంగతి మరీ విచిత్రం. అక్కడి కొండదారుల్లో నడిచేవాళ్లందరికీ అది రోజూ కనిపించే మామూలు పిట్ట. ఒకే ఇంట పుట్టినవాళ్లలో ఒకరికి ఊరంతా పొలం, ఇంకొకరికి సెంటు నేల లేనట్టు.

పేరులో ఊరు

కొత్త జాతిని కనుగొన్నవాళ్లు గురువు పేరో, భార్య పేరో, డబ్బిచ్చిన దొర పేరో పెట్టడం మామూలే. ఆత్రేయ పెట్టిన శాస్త్రీయ నామం 'లియోసిక్లా బుగునోరమ్'. లాటిన్‌లో 'బుగున్‌లది' అని. బుగున్‌లు పశ్చిమ కామెంగ్‌లో సింగ్‌చుంగ్, వాంఘూ తదితర గ్రామాల్లో ఉండే చిన్న గిరిజన తెగ. రెండువేల మంది దాకా ఉంటారంతే. పాత ప్రభుత్వ కాగితాల్లో వాళ్లను ఖోవాలు అని రాసేవారు. వాళ్లు తమను పిలుచుకునే పేరు బుగున్. ఆ పేరు ప్రపంచ పక్షుల జాబితాలోకి ఎక్కింది.

ఇది మర్యాద కోసం పెట్టిన పేరు మాత్రమే కాదు. అసలు కిటుకు భూమి హక్కులో ఉంది. పిట్ట తిరిగే వాలుల్లో కొంత అభయారణ్యంలో ఉంటే, మిగతాది దాని హద్దు బయట, తరతరాలుగా బుగున్‌లు తమదనుకునే అడవిలో ఉంది. అక్కడ చెట్టు కొట్టాలా వద్దా అన్నది చెప్పాల్సింది ఊరే. ఆ అడవి మీద వాళ్లకు ఆశ ఉండటం తప్పేమీ కాదు. కలప అరుణాచల్ గ్రామాలకు ఒకప్పుడు ప్రధాన ఆదాయం. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో ఈశాన్యంలో చెట్ల నరికివేత ఆగిపోయింది. అడవి నిలిచింది సరే... అడవి మీద బతికినవాళ్ల చేతిలో డబ్బు ఆడటం కూడా ఆగింది. ఢిల్లీలో వెలువడ్డ తీర్పు సింగ్‌చుంగ్‌లోని పొయ్యిని తాకింది.

ఆత్రేయ ఈ ముడిని 2006కు ముందే గమనించారు. ఈగల్‌నెస్ట్‌ను పక్షుల యాత్రాస్థలంగా మలిచే పనిని ఊరివాళ్లతో కలిసి మొదలుపెట్టారు. లామా క్యాంప్, బొంపు అనే చోట్ల గుడారాలు వేశారు. వంట, రవాణా, దారి చూపడం అంతా స్థానికుల పనే. అడవిలో కట్టెలు కొట్టిన కుర్రాళ్లు, వేటకు తిరిగిన కుర్రాళ్లు పక్షుల పేర్లు ఇంగ్లిష్‌లో నేర్చుకున్నారు. నిజానికి పక్షి ఎక్కడుంటుందో, ఎప్పుడు కూస్తుందో వాళ్లకు ముందే తెలుసు. తెలియంది పుస్తకంలోని పేరే. కొత్త పిట్ట కబురు రాగానే దేశదేశాల పక్షి ప్రియులు బైనాక్యులర్లు మెళ్లో వేసుకుని దిగడం మొదలైంది. సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైగా ఎత్తున ఉండే లామా క్యాంప్ పేరు వాళ్లందరికీ పరిచయం.

పదకొండేళ్ల తర్వాత, 2017లో ఊరు అసలు మాట చెప్పింది. పిట్ట ఉండే కొండవాలుల్లో 17 చదరపు కిలోమీటర్లను సింగ్‌చుంగ్ బుగున్ గ్రామ కమ్యూనిటీ రిజర్వ్‌గా వదిలిపెట్టింది. మన హుస్సేన్‌సాగర్‌లు మూడు పక్కపక్కన పెడితే ఎంతో అంత. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2002 సవరణతో వచ్చిన ఏర్పాటిది. భూమి ఊరిదే, కాపలా ఊరిదే. అటవీశాఖ తోడు ఉంటుంది. వేట, నరికివేత కుదరదు. ఊరి యువకులే జట్టుగా ఏర్పడి అడవిలో గస్తీ తిరిగారు. 2018లో ఈ రిజర్వ్‌కు భారత జీవవైవిధ్య అవార్డు వచ్చింది.

రెండువేల మంది ఉన్న తెగ పదిహేడు చదరపు కిలోమీటర్ల భూమిని పక్కన పెట్టడమంటే ఏమిటో నగరంలో రెండొందల గజాల స్థలం కోసం కోర్టులకెక్కేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నిచ్చెనకు చివరి మెట్టు

అంతా సుఖాంతం అనుకుంటే పొరపాటే. అంతర్జాతీయ జాబితాల్లో బుగున్ లియోసిక్లా అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల కోవలో ఉంది. ఒక్క పెద్ద కార్చిచ్చు, ఒక్క కొండచరియ, ఒక్క రోగం వస్తే చాలు. అన్నీ ఒకే బుట్టలో ఉన్న గుడ్లు.

దానికి తోడు దీని ఇష్టాలు కూడా తిన్నగా ఉండవు. చేతులు కట్టుకుని కూర్చుంటే అడవి చిక్కబడి పిట్ట బాగుపడుతుందని చెప్పడానికి లేదు. ఇది చిమ్మచీకటి అడవి నడుమ ఉండే పక్షి కాదు. పెద్ద అడవి అంచున, కొండవాలు తెరుచుకున్న చోట, పొదలు చిన్న చెట్లు కలగలిసి పెరిగిన దగ్గర తిరుగుతుంది. అలాంటి వాలులు ఆ కొండల్లో ఇంకా ఉన్నాయి. అక్కడెక్కడా ఇది లేదు. ఎందుకో పిట్టకే తెలియాలి.

ఇక వాతావరణం. ఈగల్‌నెస్ట్‌లో 2011 నుంచి పరిశోధకులు, బుగున్ యువకులు కలిసి ఏటా చిన్న పక్షుల్ని వలల్లో పట్టి, కాలికి రింగు తొడిగి, తూకం వేసి వదులుతున్నారు. మరుసటి ఏడాది ఏది తిరిగొచ్చింది, ఏది రాలేదు, ఎంత బరువు తగ్గింది... ఇలా పిట్టకో ఖాతా. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఉమేష్ శ్రీనివాసన్ ఈ పనికి సారథి. తేలింది ఏమిటంటే చెట్లు కొట్టిన అడవి లోపల వేడి ఎక్కువ, తేమ తక్కువ, పురుగులు తక్కువ. అక్కడ నీడను నమ్ముకున్న అడవి పక్షులు ఎక్కువకాలం బతకడం లేదు. వేడి పెరిగేకొద్దీ పక్షులు మెల్లమెల్లగా పైకి జరుగుతున్నాయి. కొండ నిచ్చెన లాంటిది. కింది మెట్టు మీద ఉన్నవాడు ఒక మెట్టు ఎక్కొచ్చు. పై మెట్టు మీదివాడు ఎక్కడికి వెళ్తాడు? పైకి జరిగే పక్షికి పైన కూడా పచ్చటి అడవి ఉంటేనే బతుకు. అందుకే రెండువేల మీటర్ల దగ్గర ఊరు ఉంచిన అడవి విలువ ఆ పిట్ట ఒక్కదానితో పోయేది కాదు.

చూడ్డానికి వచ్చేవాళ్ల అత్యాశ మరో తలనొప్పి. రికార్డు చేసిన కూత వినిపిస్తే తన జాగాలోకి ఇంకో మగ పక్షి వచ్చిందనుకుని పిట్ట ఆవేశంగా బయటికొస్తుంది. ఫొటో పడుతుంది. కానీ ఈ జట్టు పోగానే ఇంకో జట్టు, మళ్లీ అదే కూత... గూడు కట్టే రోజుల్లో మేత మానేసి లేని శత్రువుతో పోట్లాడుతూ కూర్చుంటుంది పాపం. వేలల్లో ఉన్న పక్షికి అదో చికాకు. వేళ్ల మీద లెక్కపెట్టే జంటలున్న పక్షికి ప్రాణం మీదికొచ్చే వ్యవహారం. మంచి గైడ్లు ఈ విషయంలో అతిథి ముఖం చిన్నబుచ్చుకున్నా సరే ఫోన్ జేబులో పెట్టమంటారు.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి గువాహటికి విమానం. అక్కడి నుంచి తేజ్‌పూర్, భాలుక్‌పోంగ్ మీదుగా టెంగా లోయకు రోడ్డు. భాలుక్‌పోంగ్ గేటు దగ్గర ఇన్నర్ లైన్ పర్మిట్ చూపించాలి. ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే నయం. టెంగా నుంచి లామా క్యాంప్‌కు కొండదారి. మార్చి నుంచి మే దాకా పక్షులు పాడే కాలం. జూన్ దాటితే వానలు, విరిగిపడే చరియలు, దారి ఎప్పుడు మూసుకుంటుందో తెలియదు. ఏప్రిల్‌లోనూ రాత్రుళ్లు చలి కొరుకుతుంది, కాబట్టి ఉన్ని బట్టలు ఉండాలి. రబ్బరు బూట్లు తప్పనిసరి. జలగలకు చిన్నా పెద్దా తేడా లేదు. గుడారాల్లో వేడి వేడి అన్నం, పప్పు దొరుకుతాయి. తెల్లారుజామున నాలుగున్నరకే వెలుతురొచ్చేస్తుంది, సూర్యుడు మనకంటే ముందు లేచే చోటు కదా! ఆరింటికి లేచి టీ తాగి బయల్దేరేవాళ్లు సగం పక్షుల్ని పోగొట్టుకున్నట్టే.

రంగుల పిట్ట కనిపిస్తుందా అంటే ఎవరూ మాటివ్వరు. నాలుగు రోజులు మంచులో నిలబడి ఒట్టి కూత మాత్రం విని వెళ్లినవాళ్లున్నారు. వచ్చిన గంటలోనే, రోడ్డు పక్క పొదలోంచి ఎదురొచ్చిన జంటను చూసి కెమెరా తీయడం మరిచిపోయినవాళ్లూ ఉన్నారు.